వానలో వెనక భాగం పక్కకు కొట్టుకపోతుంది: టైర్లా, బ్రేకులా, కమాన్లా?

#1 సాగర్_ఆయకట్టు, మిర్యాలగూడ

అందరికీ నమస్తే. నాది 2014 మోడల్ డీజిల్ బండి. ఏడు సీట్లు, వెనక చక్రాలకు పవర్, వెనకాల కమాన్ కట్టలు (బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు). ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు తిరుగుడు ఆగిపోకుండ చూసేది) లేదు. మొన్న ఎండాకాలంల సెకండ్ హ్యాండ్ తీసుకున్న, రీడింగ్ లక్షా ముప్పై వేలు దాటింది. ఎండల ఎంత తిప్పినా ఏ ఇబ్బంది లేకుండె. వానలు పడ్డప్పటి సంది వెనక భాగం పక్కకు కొట్టుకపోతుంది.

అద్దంకి రోడ్డు మీద దామరచర్ల దాటినంక, వాడపల్లి దిక్కు పోతున్న. సన్న తుంపర. ముంగట సిమెంటు లారీ స్లో అయితే యాక్సిలరేటర్ మీదికెళ్లి కాలు తీసి బ్రేకు మీద పెట్టిన. గట్టిగ తొక్కలే. స్పీడు 60 కూడా ఉండది. బానెట్ సక్కగనే ఉన్నది, వెనక మాత్రం ఎడమ దిక్కు జరిగింది. స్టీరింగ్ తిప్పి నిలబెట్టుకున్న గని, ఎదురుంగ లారీ వస్తుంటే ఏమయ్యేదో. ఎప్పుడైనా ఎడమకే పోతుంది, కుడికి ఒక్కసారి కూడా పోలే.

ఒక షెడ్డుల షాకబ్జర్లు పోయినయి, 9 వేలు అయితది అన్నరు. ఇంకో దగ్గర హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు ఉండే గొట్టం) వంగింది అన్నరు. అలైన్‌మెంట్ సెంటర్‌ల అంతా ఓకే అన్నరు. టైర్లకు గ్రిప్పు మంచిగనే కనిపిస్తుంది. తలా ఒక మాట చెప్తున్నరు. ఇదే బండిల మా అమ్మ, పిల్లలు తిరుగుతరు. ఎక్కడికెళ్లి మొదలుపెట్టాలె?

#2 పాడేరు_ఘాట్, విశాఖపట్నం

ముందు మీరు క్షేమంగా ఉన్నారు, సంతోషం. నేను ఘాట్ రోడ్డులో బస్సు తోలి రిటైరైన మనిషిని. ఒక మాట చెప్తాను.

జోరువాన కంటే తుంపరే చెడ్డది. జోరువాన పది పదిహేను నిమిషాలు కురిస్తే రోడ్డు కడుగుడు పడిపోద్ది. తుంపర పడితే రోడ్డు మీదున్న ఆయిలు, టైరు పొడి, దుమ్ము అన్నీ తడిసి జిగటగా పేరుకుంటాయి, కొట్టుకుపోవు. మీరు చెప్పిన రోడ్డులో ఇంకో గొడవుంది. వాడపల్లి, దాచేపల్లి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, ఆ పైన పిడుగురాళ్ల సున్నం. లారీల నుంచి రాలిన పొడి తడిస్తే రోడ్డు మీద సన్నటి పేస్టు పరుచుకుంటాది. అక్కడ ఎంత మంచి బండైనా కొంచెం జారుద్ది.

ఎడమకే ఎందుకంటే, నీళ్లు దిగడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుస్తాం, వాలు ఎడమకే. వెనక చక్రాలు పట్టు వదిలితే బండి వాలులోకే దిగుద్ది. అందుకని ఎడమ చక్రంలోనే దోషం ఉందని ఇప్పుడే తేల్చెయ్యకండి.

#3 రబ్బరు_మనిషి, గుంటూరు

"గ్రిప్పు మంచిగా కనిపిస్తుంది" అంటే నాకు చాలదు తమ్ముడూ. నాలుగు టైర్లవీ ఈ వివరాలు పెట్టు.

టైరు పక్క గోడ మీద డీఓటీ అని ఉండి, ఆ వరస చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారం తయారైంది. కొన్నిటికి ఆ అంకెలు లోపలి వైపు ఉంటాయి, కిందకి వంగి సెల్ ఫోన్ లైటు వేసి చూడాలి.

గాడి లోతు కంటితో చెప్పొద్దు. డెప్త్ గేజ్ చవకగా దొరుకుతుంది. లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున మూడు చోట్లా కొలువు. కారు టైరుకి 1.6 మిల్లీమీటర్లు చట్టం చెప్పే ఆఖరి హద్దు, గాడిలో అడ్డంగా ఉండే చిన్న దిమ్మె అక్కడే ఉంటుంది. కానీ తడి రోడ్డు మీద పట్టు ఆ హద్దుకి రాకముందే బాగా తగ్గిపోతుంది. 3 కి వచ్చిందంటే నేను మా ఇంటి బండికి మార్చేస్తాను.

గాలి ఎంత పెట్టిస్తున్నావు? డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత రాసుంది? ఏ రెండు టైర్లు కొత్తవి?

#4 గోదారి_అమ్మాయి, రాజమండ్రి

నాది ముందు చక్రాలకి పవర్ ఉండే చిన్న కారండి. నాకూ కొవ్వూరు వంతెన దిగాక మలుపులో వెనక ఒకసారి జారింది. బ్రేకు వెయ్యలేదు, భయమేసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశానంతే. ముందు చక్రాల బండికి వెనక ఎందుకు జారుతుందండి? ఈ మధ్యే రెండు కొత్త టైర్లు వేయించాను, షాపులో ముందుకే వేశారు.

#5 హౌసింగ్_మేస్త్రి, విజయవాడ ఆటోనగర్

సాగర్ బాబూ, షాకబ్జర్లకి డబ్బు కట్టకు. పార్టు విప్పే ముందు ఒక్క సంగతి తేలాలి. వెనక జారిన ఆ క్షణంలో నీ కుడికాలు ఎక్కడుంది, బండిలో ఎంత బరువుంది? మా షెడ్డుకి ఇలాంటి కేసు వస్తే నేను ముందు ఇదే అడుగుతాను. చాలామంది "జారింది మేస్త్రీ" అంటారు తప్ప ఇది చెప్పరు. మేస్త్రీలు కూడా అడగరు. చేతికి అందింది మార్చేస్తారు.

కాలు యాక్సిలరేటర్ మీద ఉండి, తొక్కినప్పుడు జారిందనుకో. అది వెనక చక్రాలకి పవర్ ఎక్కువై తిరిగిపోవడం. డీజిల్ బండికి రెండో గేరులో టర్బో అందుకునే చోట ఇది వస్తుంది. టైరు బాగుంటే కాలు అదుపులో పెట్టుకోవాలి, అంతకు మించి రిపేరు లేదు.

కాలు తీసేసినప్పుడో, గేరు దించి క్లచ్ వదిలినప్పుడో జారితే అది ఇంజను పట్టు. వెనక చక్రాల బండికి ఇంజను బ్రేకింగ్ అంతా వెనక రెండు చక్రాల మీదే పడుతుంది.

బ్రేకు మీద కాలు పెట్టగానే జారితే బ్రేకులు చూడాలి. ఒక డ్రమ్ము ముందే పట్టేస్తోందా, హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగుసుకుందా, హౌసింగ్ సీలు కారి, డ్రమ్ముకి రాసుకుని చక్రాన్ని ఆపే లైనర్‌కి ఆయిలు పట్టిందా, వెనక్కి వెళ్లే ప్రెషరే ఎక్కువగా ఉందా.

ఏదీ తొక్కకుండా ఒకే స్పీడులో మలుపు తిరుగుతుంటే జారింది అంటే టైర్లు, ఇరుసు కూర్చున్న తీరు, కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లు, షాకబ్జర్లు. ఏదీ తొక్కకుండా నేరుగా పోతూ నిలవ నీళ్ల మీద తేలినట్టయితే అది టైరు కింద నీటి పొర.

నువ్వు రాసినదాన్ని బట్టి కాలు తీసి బ్రేకు పెట్టావు. అంటే రెండో రకం, మూడో రకం కలిసి ఉన్నాయి. ఇప్పుడు రెండో సగం చెప్పు. ఇంటిల్లిపాదీ ఎక్కినప్పుడు కూడా జారిందా, ఒక్కడివే ఉన్నప్పుడేనా?

#6 సాగర్_ఆయకట్టు, మిర్యాలగూడ

మేస్త్రి గారూ, మీరు అడిగినంక కూసొని ఆలోచించిన. జారిన ప్రతిసారీ నేను ఒక్కణ్ణే ఉన్న, వెనకాల ఖాళీ. మొన్న అందరం కలిసి మట్టపల్లి పోయినం, తొవ్వ పొడుగూత వాన. బ్రేకులు మస్తు సార్లు వేసిన, ఏం కాలే. తొక్కినప్పుడు ఎప్పుడూ జారలే. బ్రేకు మీదనే.

రబ్బరు అన్నా, టైర్ల లెక్క ఇది. ముందటి రెండు 0825, లోతు 7. వెనకటి రెండు 3117, లోతు అంతట 4. అమ్మినాయన ముందటికి కొత్తవి వేసి ఇచ్చిండు. గాలి నాలుగింటికి 38 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించిన, వానల గట్టిగ ఉండాలె అని గాలి కొట్టే పిలగాడు అన్నడు. స్టిక్కర్ మీద ఖాళీ బండికి ముందు వెనక 30, నిండ ఉంటే వెనక 36 అని ఉన్నది.

#7 రబ్బరు_మనిషి, గుంటూరు

సగం సంగతి ఇక్కడే ఉంది. వెనక టైర్లకి 4 మిల్లీమీటర్లు ఉంది, అవి 2017 నాటివి. ఎనిమిదేళ్లు ఎండకీ వేడికీ రబ్బరు గట్టిపడుతుంది, పాత చెప్పు అడుగులాగా. లోతు ఉంటుంది, పట్టు ఉండదు. గోరు గుచ్చి చూడు, ముందు టైరుకీ వెనక టైరుకీ తేడా నీకే తెలుస్తుంది. గాడి అడుగున, పక్క గోడ మీద వెంట్రుకంత బీటలు ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు.

రాజమండ్రి అమ్మాయి గారికీ ఇదే జవాబు. రెండే కొత్త టైర్లు కొంటే వాటిని వెనకకే వెయ్యాలి, పవర్ ఏ చక్రాలకి ఉన్నా సరే. ఇది నేను కనిపెట్టింది కాదు, పెద్ద టైరు కంపెనీలన్నీ చెప్పేదే. ముందు టైరు పట్టు తప్పితే బండి తిరగకుండా నేరుగా పోతుంది, స్టీరింగ్‌లో తెలుస్తుంది, కాలు తగ్గిస్తే మళ్లీ పట్టుకుంటుంది. వెనక టైరు పట్టు తప్పితే బండే తిరిగిపోతుంది. తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. మన షాపుల్లో "పవర్ ముందు కదా, కొత్తవి ముందుకే" అని వేసేస్తారు. వేసేటప్పుడే పక్కన నిలబడి వెనకకి వెయ్యమని చెప్పండమ్మా.

మలుపులో కాలు తీయగానే బండి బరువు ముందుకి వాలుతుంది, వెనక తేలికవుతుంది. వెనక ఉన్నవి అరిగిన టైర్లయితే అక్కడే వదిలేస్తాయి. మీకు జరిగింది అదే.

#8 కోనసీమ_కుర్రాడు, అమలాపురం

ఖాళీగా ఉన్నప్పుడే జారుతుంటే సింపులండి. వెనక రెండు ఇసుక బస్తాలు పడేసి, గాలి 22 కి దించెయ్యండి. మావోళ్లు వానాకాలం అలాగే నడుపుతారు. టైరు ఎక్కువ ఆనుతుంది కదా.

#9 హ్యూస్టన్_నుంచి

కోనసీమ తమ్ముడూ, గాలి దించడం మాత్రం వద్దు. బురదలో, ఇసుకలో దించుతారు. నీళ్లు నిలిచిన తారు రోడ్డు మీద లెక్క తిరగబడుతుంది. మా దగ్గర మెక్సికో గల్ఫ్ సముద్రం వైపు నుంచి వాన వస్తే ఫ్రీవే మీద నీళ్లు నిలబడతాయి, కాబట్టి ఈ సంగతి నేను కాస్త పట్టించుకుని చదివాను.

1960లలో నాసా వాళ్లు విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి ఒక సూత్రం ఇచ్చారు. టైరులో గాలి ఎన్ని పీఎస్ఐ ఉందో దాని వర్గమూలాన్ని సుమారు 16.7 తో గుణిస్తే, నీళ్ల మీద టైరు తేలే వేగం గంటకి కిలోమీటర్లలో వస్తుంది. 36 పీఎస్ఐకి 100. 25 పీఎస్ఐకి 83. 22 కి దించితే 80 దగ్గరే తేలుతుంది. ఇది గాడులు నీటిని బయటికి తోయలేని స్థితికి, అంటే గుండు టైరుకో లోతైన నీటికో వర్తించే లెక్క. మంచి టైరు ఇంకా కొంచెం ఓర్చుకుంటుంది. అయినా గాలి తగ్గితే ముందే తేలుతుంది అన్నది ఖాయం.

అలాగని సాగర్ గారు ఖాళీ బండికి 38 పెట్టడమూ సరికాదు. ఆయన జారింది నిలవ నీళ్ల మీద కాదు, 60 లోపు స్పీడులో, తుంపరలో. అక్కడ కావలసింది టైరు మొత్తం వెడల్పుతో నేలకి ఆనడం. బరువు లేని వెనక టైరులో గాలి ఎక్కువుంటే మధ్య భాగమే ఆనుతుంది, గతుకు మీద ఎగురుతుంది కూడా. స్టిక్కర్ మీద ఉన్నదే పెట్టండి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు.

#10 హౌసింగ్_మేస్త్రి, విజయవాడ ఆటోనగర్

ఇసుక బస్తా వద్దు బాబూ. కట్టకుండా పడేసిన బస్తా బ్రేకు కొట్టినప్పుడు సీటు మీదకొస్తుంది. అసలు రోగం కనపడకుండా కప్పేస్తుంది కూడా.

సాగర్, "అందరం ఉంటే ఏం కాలే, ఒక్కణ్ణే ఉంటే బ్రేకు మీద జారింది" అన్నావు చూడు, నాకు అక్కడ అనుమానం వచ్చింది. టైర్లు పాతవే, నిజమే. కానీ 60 లోపు, మెల్లగా తొక్కిన బ్రేకుకి వెనక చక్రాలు లాక్ అయ్యాయంటే, అంటే తిరగడం ఆగిపోయాయంటే, ఇంకోటేదో ఉంది. ఏబీఎస్ లేని, కమాన్ల బండికి వెనక లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. బండి కిందకి దూరు. ఛాసిస్‌కి బిగించిన ఇనప ముక్క లాంటి వాల్వు, దానికి రెండు మూడు బ్రేకు పైపులు, ఒక చెయ్యి. ఆ చేతి నుంచి హౌసింగ్ దాకా ఒక సన్న రాడ్ దిగుతుంది.

దాని పని ఇది. బరువు ఎక్కితే బాడీ కిందికి దిగుతుంది, హౌసింగ్‌కీ బాడీకీ మధ్య దూరం తగ్గుతుంది, రాడ్ చేతిని పైకి తోస్తుంది. అప్పుడు వాల్వు వెనక చక్రాలకి ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. ఖాళీగా ఉంటే చెయ్యి కిందుంటుంది, వెనక్కి వెళ్లే ప్రెషర్‌ని కోసేస్తుంది. ఖాళీ వెనక చక్రం మీద బరువు లేదు కదా, ఎక్కువ బ్రేకు వేస్తే తిరగడం ఆగిపోతుంది.

ఆ రాడ్ ఉందా, బుష్ బాగుందా, చెయ్యి కదులుతోందా చూసి ఫొటో పెట్టు. అట్లాగే కమాన్ కట్టలో ఎన్ని పట్టీలున్నాయో లెక్కపెట్టు, రంగు తేడా ఉందేమో చూడు. ఇంకా, స్టీరింగ్ నేరుగా పెట్టి ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్య దాకా రెండు పక్కలా టేపుతో కొలువు. హౌసింగ్ వంగిందన్నారు కదా, కమాన్ కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తెగి హౌసింగ్ జరిగి ఉంటే ఆ కొలతలు కలవవు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకు, స్టాండ్లు పెట్టుకో.

#11 సాగర్_ఆయకట్టు, మిర్యాలగూడ

మేస్త్రి గారూ, మీకు దండం. ఫొటోలు పెట్టిన, చూడుండ్రి.

వాల్వు ఉన్నది. రాడ్ లేదు. చేతిని పైకి గుంజి ఛాసిస్ బ్రాకెట్‌కు కట్టుతీగతోని కట్టేసిండ్రు. స్లాబు చువ్వలకు కట్టే తీగ, మూడు చుట్లు తిప్పి మెలేసి ఉన్నది. తీగ మొత్తం తుప్పు పట్టింది, అంటే ఇయ్యాల నిన్న కట్టింది కాదు. చేతి చివర బుష్ ఉండే సందు ఖాళీగ ఉన్నది, ఆ అంచు అరిగి కోడిగుడ్డు ఆకారంల అయింది.

కమాన్లు చూస్తే రెండు దిక్కులా కింది నుంచి రెండో పట్టీ మీద మిగతావాటి లెక్క తుప్పు లేదు, నల్ల పెయింటు ఉన్నది. పట్టీ ఎక్కించినట్టుంది. అమ్మినాయనను అడిగితే ఎరువుల బస్తాలు ఏసేటోళ్లం అన్నడు.

టేపు కొలత రెండు దిక్కులా ఒక్కటే వచ్చింది. హౌసింగ్ జరగలే.

#12 హౌసింగ్_మేస్త్రి, విజయవాడ ఆటోనగర్

దొరికింది. ఆ ఫొటో చూసి నాకు కోపం వచ్చింది, నీ మీద కాదు. బుష్ అరిగి రాడ్ ఊడిపోతే కొత్త రాడ్ తెప్పించే ఓపిక లేక చేతిని పైకి కట్టేస్తారు. పైకి కడితే వాల్వుకి "బండి నిండా లోడు ఉంది" అని అర్థం. నువ్వు ఒక్కడివే పోతున్నా వెనక్కి పూర్తి ప్రెషర్ వెళ్తోంది. పొడి రోడ్డు మీద టైరుకి పట్టు ఉంటుంది కాబట్టి తెలియదు. తడి రోడ్డు మీద ఆ పట్టు దాదాపు సగానికి పడిపోతుంది, అప్పుడు బయటపడుతుంది. బేరం అప్పుడు బండిని ఎండలో నడిపి చూస్తే ఎవరికైనా బ్రేకులు బ్రహ్మాండం అనిపిస్తుంది.

లాక్ అయిన చక్రం గురించి అందరూ ఒకటి తెలుసుకోవాలి. తిరుగుతున్న చక్రమే బండిని పక్కకి పోకుండా పట్టుకోగలదు. తిరగడం ఆగిన చక్రం ఎటు తోస్తే అటు జారుతుంది. ముందు చక్రాలు ముందుగా లాక్ అయితే బండి తిరగదు కానీ నేరుగా పోయి ఆగుతుంది. వెనకవి ముందుగా లాక్ అయితే వెనక భాగం ముందుకి రావాలని చూస్తుంది, రోడ్డు వాలు ఎటుంటే అటు తిప్పేస్తుంది. అందుకే ఏ బండికైనా ముందు చక్రాలే ముందుగా లాక్ అయ్యేలా బ్రేకులు అమరుస్తారు. ఆ అమరికని ఒక తీగముక్కతో తారుమారు చేశారు.

ఎక్కించిన పట్టీ కూడా ఇందులో పాలుపంచుకుంది. బరువుంటే సరే, ఖాళీగా ఉంటే వెనక కొయ్యబారిపోతుంది. గతుకు మీద టైరు గాల్లోకి లేస్తుంది. లేచిన క్షణంలో బ్రేకు మీద కాలుంటే చక్రం ఆగిపోతుంది. పైగా ఆ పట్టీ తియ్యకుండా కొత్త రాడ్ వేస్తే వాల్వుకి తప్పుడు లెక్క వెళ్తుంది, లోడు వేసినా బాడీ దిగదు కాబట్టి వెనక బ్రేకు చాలదు. కాబట్టి ముందు పట్టీ తీయించు, బండి అసలు ఎత్తుకి రానీ, తర్వాత రాడ్.

తీగ కోసేసి చేతిని కిందకి వదిలేస్తే చాలు కదా అని చెయ్యకు. ఎల్లప్పుడూ ఖాళీ లెక్కలో ఉంటే ఏడుగురు ఎక్కినప్పుడు వెనక బ్రేకు తక్కువై బండి ఆగే దూరం పెరుగుతుంది. రాడ్ పొడవు, చేతి కొలత ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటాయి. ముందు చక్రం దగ్గర ఒకటి, వెనక చక్రం దగ్గర ఒకటి ప్రెషర్ గేజ్ పెట్టి సరిచూసే చోటకే వెళ్లు. ఇన్నాళ్లు కదలని వాల్వు లోపల పట్టేసి ఉంటుంది, చాలాసార్లు కొత్తది వెయ్యక తప్పదు. బ్రేకు ఆయిలు మార్చి గాలి తీయించు. అదే చేత్తో రెండు డ్రమ్ములూ విప్పించు.

అప్పటిదాకా వానలో ఆ బండి తియ్యకు.

#13 వేదిక_నిర్వాహకులు

చర్చ బాగా నడుస్తోంది. బండి అమ్మినవాళ్ల పేరు, షెడ్డు పేరు అడుగుతూ నాకు మెసేజులు వస్తున్నాయి. పేర్లు ఇక్కడ రాయకండి. ఫొటోలో నంబరు ప్లేటు కనిపిస్తోంది, చెరిపేశాను.

#14 గోదారి_అమ్మాయి, రాజమండ్రి

కొత్త టైర్లు వెనక్కి మార్పించానండి. షాపాయన ఒప్పుకోలేదు, ఇక్కడి పోస్టు చదివి వినిపిస్తే మార్చాడు. రబ్బరు అన్నయ్యకి థాంక్స్.

మేస్త్రి గారూ, నా కారు 2020 మోడల్, ఏబీఎస్ ఉంది. నాకూ ఆ వాల్వు ఉంటుందా? ఇంకోటి, కింద వాటర్ సర్వీసింగ్ చేయించిన దగ్గర్నుంచి మీటర్లో ఏబీఎస్ లైటు వెలుగుతూనే ఉంది. బ్రేకు బాగానే పడుతోందని పట్టించుకోలేదు.

#15 హౌసింగ్_మేస్త్రి, విజయవాడ ఆటోనగర్

అమ్మా, ఆ లైటుని ఇంక ఒక్కరోజు కూడా వదలకు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. దాంతో పాటే ఈబీడీ వస్తుంది. ముందుకెంత, వెనకకెంత బ్రేకు అన్నది అదే చక్రాల వేగం చూసి పంచుతుంది, కాబట్టి నీ కారుకి ఆ రాడ్, ఆ చెయ్యి ఉండవు. సాగర్ బండిలో ఆ రాడ్ చేసే పని నీ కారులో సెన్సార్లు చేస్తాయి. లైటు వెలుగుతోందంటే ఏబీఎస్ పని ఆపేసింది. దాంతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే ఈబీడీ కూడా పోయిందని అర్థం, అప్పుడు బండి అసలు తియ్యొద్దు.

వాటర్ సర్వీసింగ్ తర్వాత అంటే చాలావరకు చక్రం దగ్గర సెన్సార్ సాకెట్లో నీళ్లు దూరి ఉంటాయి, లేకపోతే వైరు లాగి ఉంటారు. స్కానర్ పెడితే ఏ చక్రమో చెప్పేస్తుంది.

#16 సాగర్_ఆయకట్టు, మిర్యాలగూడ

పని అయింది. వివరంగ రాస్తున్న, ఇంకెవరికన్న పనికొస్తది.

మార్చకముందు ఎట్ల ఉన్నదో చూడాలె అనుకున్న. మా దోస్తు రైసు మిల్లుల వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఉన్నది, మస్తు పెద్దగ, చుట్టూ ఏం లేదు. ఊక ఊడ్పించి పైపుతోని తడిపినం. మనుషులను దూరం నిలబెట్టి మా బామ్మర్ది పక్కకెళ్లి ఫోన్ల స్లో మోషన్ తీసిండు. 30 స్పీడుల బ్రేకు వేసిన. వీడియోల సాఫ్ కనిపిస్తుంది, వెనకటి రెండు చక్రాలు టక్కున ఆగినయి, ముందటివి ఇంకా తిరుగుతనే ఉన్నయి. బండి ఎడమకు వంకర పోయి ఆగింది. కల్లం వాలు కూడా అటే ఉన్నది, పాడేరు సార్ చెప్పినట్టే.

తర్వాత నల్లగొండల గేజులు ఉన్న షెడ్డు దొరికింది. వాల్వు మేస్త్రి గారు అన్నట్టే లోపల పట్టేసింది, కొత్తది వేసిండ్రు, రాడ్, బుష్‌లు కొత్తవి. ఎక్కించిన పట్టీలు తీసిండ్రు. డ్రమ్ములు విప్పితే సీళ్లు మంచిగున్నయి, లైనర్లు మంచిగున్నయి, పొడి మాత్రం బాగ ఉండె. షాకబ్జర్లు కారలే, అవి మార్చలే. 2017 టైర్లు తీసేసి రెండు కొత్తవి కొన్న, వెనకకే వేయించిన. గాలి 30.

మళ్ల అదే కల్లం, అదే నీళ్లు, అదే స్పీడు. ఈసారి ముందటివి ఆగినయి, వెనకటివి తిరుగుతున్నయి. బండి గీత గీసినట్టు నేరుగ ఆగింది. రెండు వీడియోలు పక్కపక్కన పెట్టిన. మా అమ్మకు చూపెట్టిన, "గింత తీగతోనా" అన్నది.

ఒక్కటి మిగిలింది. తడిల రెండో గేరుల మలుపు తిప్పుకుంట తొక్కితే వెనక కొంచెం కదులుతుంది. ఇది కూడా రోగమేనా?

#17 పాడేరు_ఘాట్, విశాఖపట్నం

అది రోగం కాదు బాబూ, వెనక చక్రాల బండి గుణం. మలుపు దాటి స్టీరింగ్ నేరుగా వచ్చాకే కాలు దింపండి. తడి రోడ్డులో వీలైతే మూడో గేరులోనే మలుపు తిప్పండి, లాగుడు మెల్లగా ఉంటాది. ఘాట్ దిగేటప్పుడు మాత్రం గేరు ముందే వేసుకోండి. మలుపు మధ్యలో మూడు నుంచి రెండుకి దించి క్లచ్ ఒక్కసారి వదిలేస్తే వెనక చక్రాలు బ్రేకు పడ్డట్టే ఆగుతాయి.

ఎప్పుడైనా వెనక కదిలితే, తొక్కుతున్న కాలు మెల్లగా ఎత్తండి, బ్రేకు ముట్టకండి, చూపు మీరు వెళ్లాల్సిన వైపే ఉంచండి. చెయ్యి చూపు వెంటే వెళ్లుద్ది. బండి సర్దుకోగానే స్టీరింగ్ కూడా అంతే తొందరగా నేరుగా తేవాలి. లేకపోతే రెండో పక్కకి విసిరికొడుతుంది, ఆ రెండోదే ప్రమాదం.

#18 టమాటా_బండి, మదనపల్లె

అన్నా, ఇదంతా చదివి మా పికప్ కిందకి దూరి చూసినా. మాదానికీ తీగతోనే కట్టిండారు, అదే మాదిరి పైకి. మాది దినామూ పోయేటప్పుడు టమాటా లోడు, వచ్చేటప్పుడు ఖాళీ ట్రేలు. వచ్చేటప్పుడే జారేది. అంగళ్లు దాటినాక రెండు మార్లు భయపెట్టింది. ఎండాకాలం దాకా ఆగొచ్చా? ఇప్పుడు సీజను.

#19 హౌసింగ్_మేస్త్రి, విజయవాడ ఆటోనగర్

ఆగొద్దు నాయనా. మీరు దినామూ సగం దూరం ఖాళీగానే వస్తున్నారు, అదీ వానల్లో. రాడ్, బుష్‌ల సెట్టు పెద్ద ఖర్చు కాదు. వాల్వు పట్టేసి ఉంటేనే ఖర్చు. బండి ఒక్క పూట ఆగుతుంది. మార్కెట్ సెలవు రోజు చూసుకుని పెట్టించుకో.

పికప్‌కి పట్టీలు ఎన్ని ఎక్కించారో ముందు చెప్పు, ఫొటో పెట్టు. లోడు బండికి పట్టీ తియ్యలేం అంటావు, తెలుసు. ఎక్కించిన పట్టీలతోనే నడపాలంటే రాడ్ కొలత మాన్యువల్‌లో ఉన్నట్టు పెడితే సరిపోదు, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి గేజులు పెట్టి చూడాలి. చిత్తూరు, తిరుపతి వైపు గేజులున్న షెడ్డు ఎవరికైనా తెలిస్తే ఇతనికి మెసేజ్ చెయ్యండి.